రైడింగ్ లాన్ మోవర్‌కు ఇంజిన్ ఎంపిక: బ్రాండు పేరు కన్నా పని గంటలే ప్రమాణం

సారాంశం

కూర్చొని నడిపే పచ్చిక కోత యంత్రాన్ని (రైడింగ్ లాన్ మోవర్) కొనుగోలు చేసే సంస్థలు సాధారణంగా "ఏ కంపెనీ ఇంజిన్ మంచిది?" అనే ప్రశ్నతో ప్రారంభిస్తాయి. ఒకే కంపెనీ గృహ వినియోగానికి ఒక శ్రేణిని, వృత్తిపరమైన వినియోగానికి మరొక శ్రేణిని తయారు చేస్తున్నందున ఈ ప్రశ్నకు సూటి సమాధానం లభించదు. సంవత్సరానికి ఎన్ని గంటల పని ఉన్నది, స్థానిక వాతావరణంలో ఎంత శక్తి లభిస్తుంది, లభ్యమయ్యే పెట్రోలులో ఎథనాల్ శాతం ఎంత, విడిభాగాలు ఎన్ని రోజుల్లో చేరుతాయి అనే నాలుగు అంశాల ఆధారంగా ఇంజిన్‌ను ఎంచుకోవలసిన విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. పవర్ వీడర్ వంటి చిన్న వ్యవసాయ యంత్రాల ఎంపికకూ ఇదే విధానం వర్తిస్తుంది.

ముఖ్య పదాలు: రైడింగ్ మోవర్, చిన్న ఇంజిన్లు, పని గంటలు, ఎథనాల్ మిశ్రమ పెట్రోలు, పచ్చిక నిర్వహణ

పరిచయం

విశ్వవిద్యాలయ ప్రాంగణాలు, క్రీడా మైదానాలు, గోల్ఫ్ మైదానాలు, పెద్ద ఉద్యానవనాలలో పచ్చికను చేతి యంత్రాలతో కోయడం కూలీల కొరత వల్ల కష్టసాధ్యమవుతున్నది. అందువల్ల రైడింగ్ మోవర్ల వైపు సంస్థలు మొగ్గు చూపుతున్నాయి. ఈ యంత్రాలు ప్రధానంగా అమెరికాలోని గృహస్థుల అవసరాల కోసం అభివృద్ధి చెందినవి. అక్కడ ఇంటి చుట్టూ అర ఎకరం నుండి రెండు ఎకరాల వరకు పచ్చిక ఉండటం, వారాంతంలో ఇంటి యజమాని స్వయంగా దానిని కోయడం పరిపాటి. ఆ దేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఈ యంత్రం సుపరిచితమే.

గృహస్థుని అవసరానికి రూపొందిన ఇంజిన్‌ను పది ఎకరాల ప్రాంగణంలో వినియోగించినప్పుడు అది త్వరగా అరిగిపోవడం సహజం. అప్పుడు నింద బ్రాండుపై పడుతుంది. నిజానికి లోపం ఎంపికలోనే ఉంటుంది. వర్షాకాలంలో పచ్చిక వారానికొకసారి కోతకు వచ్చే సమయంలో యంత్రం మూలపడితే నష్టం మరమ్మతు ఖర్చుతో ఆగదు. ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడవ వంతుకు మించి తీయరాదన్నది పచ్చిక నిర్వహణలో మూలసూత్రం. మూడు వారాలు కోత తప్పితే గరిక ఎత్తుగా పెరిగి, అడుగు భాగంలో ఆకులు పండి, కాండం బయటపడుతుంది. ఆ దశలో ఒక్కసారిగా కిందికి కోస్తే పచ్చిక ఎండినట్లు గోధుమ రంగులోకి మారి, ఖాళీల్లో కలుపు చేరుతుంది. కనుక ఇంజిన్ ఎంపిక యాంత్రిక శాస్త్రానికి మాత్రమే కాక సస్య నిర్వహణకు కూడా సంబంధించిన విషయం.

ప్రధాన తయారీదారులు

రైడింగ్ మోవర్లను విక్రయించే కంపెనీలలో అధిక భాగం ఇంజిన్లను స్వయంగా తయారు చేయవు. చట్రం, డెక్కు, బ్లేడ్లు ఒకరివి, ఇంజిన్ మరొకరిది. అందువల్ల ఒకే రంగు, ఒకే పేరు గల మోవర్లలో కూడా నమూనాను బట్టి వేర్వేరు కంపెనీల ఇంజిన్లు కనిపిస్తాయి. మోవర్ పేరును బట్టి ఇంజిన్‌ను ఊహించుకోవడం సరికాదు.

బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్: 1908లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మిల్వాకీ నగరంలో స్థాపితమైంది. 1953లో అల్యూమినియం పోత ఇంజిన్‌ను ప్రవేశపెట్టి, తక్కువ బరువు గల గృహ మోవర్లు విస్తరించడానికి దోహదం చేసింది. 2020లో దివాలా రక్షణ ప్రక్రియకు వెళ్లి, అదే సంవత్సరం కేపీఎస్ క్యాపిటల్ పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థ చేతికి మారింది. దీని వృత్తిపరమైన శ్రేణి పేరు వాన్‌గార్డ్.

కోహ్లర్: 1873లో విస్కాన్సిన్ రాష్ట్రంలోనే ప్రారంభమైన సంస్థ. 1920లో విద్యుత్ జనరేటర్‌తో ఇంజిన్ల రంగంలో ప్రవేశించింది. గృహ వినియోగానికి 7000 శ్రేణి, వృత్తిపరమైన వినియోగానికి కమాండ్ ప్రో శ్రేణి దీని ఉత్పత్తులు. ఇంజిన్లు, విద్యుత్ పరికరాల విభాగం 2024లో మాతృసంస్థ నుండి వేరుపడి రెల్కో అనే కొత్త సంస్థగా ఏర్పడింది.

కవాసాకీ: జపాన్‌కు చెందిన ఈ సంస్థ అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, మేరీవిల్ పట్టణంలో మోవర్ ఇంజిన్లను తయారు చేస్తున్నది. ఎఫ్ఆర్, ఎఫ్ఎస్, ఎఫ్ఎక్స్ అనే మూడు శ్రేణులు విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. వీటిలో ఎఫ్ఎక్స్ పూర్తిగా వృత్తిపరమైన వినియోగానికి ఉద్దేశించినది.

హోండా: 1983లో ప్రవేశపెట్టిన జీఎక్స్ శ్రేణి చిన్న ఇంజిన్లకు ప్రపంచవ్యాప్తంగా ప్రామాణికంగా నిలిచింది. నిలువు షాఫ్ట్ గల వాటిని జీఎక్స్‌వీ అంటారు. ఈ సంస్థ 2023లో అమెరికాలో పెట్రోలు లాన్ మోవర్ల తయారీని నిలిపివేసినప్పటికీ ఇతర యంత్రాలకు ఇంజిన్లను సరఫరా చేయడం కొనసాగిస్తున్నది. తెలుగు రాష్ట్రాల రైతులకు నీటి పంపులు, పవర్ వీడర్ల ద్వారా ఈ ఇంజిన్లు పరిచితమే.

వీటితో పాటు కుబోటా, యాన్మార్ అనే జపాన్ సంస్థల డీజిల్ ఇంజిన్లు గోల్ఫ్ మైదానాల పెద్ద మోవర్లలో వినియోగంలో ఉన్నాయి.

యాజమాన్యం మారడం వల్ల ఇంజిన్ నాణ్యత వెంటనే మారిపోదు. అయితే విడిభాగాల సరఫరా, విక్రేతల జాలం, వారంటీ బాధ్యత ఎవరిదనే విషయాలలో మార్పు రావచ్చు. కనుక కొనుగోలు సమయంలో వారంటీ పత్రంపై ప్రస్తుత సంస్థ పేరు, భారతదేశంలో బాధ్యత వహించే ప్రతినిధి పేరు తప్పక సరిచూసుకోవాలి.

ఒకే బ్రాండు, వేర్వేరు శ్రేణులు

బ్రాండ్ల మధ్య గల తేడా కంటే ఒకే బ్రాండులోని శ్రేణుల మధ్య గల తేడా తరచుగా ఎక్కువ. కవాసాకీ ఎఫ్ఆర్, ఎఫ్ఎస్, ఎఫ్ఎక్స్ శ్రేణులు మూడింటిలోనూ 726 సీసీ ఇంజిన్లు ఉన్నాయి. సీసీ అంకె ఒక్కటే చూసిన కొనుగోలుదారుకు మూడూ ఒకటేననిపిస్తాయి. కాని ఎఫ్ఎక్స్‌లో పెద్ద డబ్బా ఆకారపు గాలి ఫిల్టరు, ఎక్కువ గంటల పనికి తగిన ఇతర ఏర్పాట్లు ఉంటాయి. ధరలోని తేడాకు కారణం ఇదే. బ్రిగ్స్, కోహ్లర్ సంస్థలలోనూ ఇదే పరిస్థితి. ఈ కారణంగా "ఫలానా బ్రాండు బలహీనం, ఫలానా బ్రాండు గట్టిది" అనే వాడుక మాటలకు శాస్త్రీయ విలువ తక్కువ. ఒక బ్రాండు చౌక శ్రేణిని మరొక బ్రాండు ఖరీదైన శ్రేణితో పోల్చి వెలిబుచ్చిన అభిప్రాయాలే వాటిలో అధికం.

హార్స్‌పవర్ అంకెను అర్థం చేసుకోవడం

ఇంజిన్ మూతపై ముద్రించిన హార్స్‌పవర్ ప్రయోగశాలలో ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం వద్ద లెక్కించిన స్థూల శక్తి. గాలి ఫిల్టరు, సైలెన్సర్, చార్జింగ్ వ్యవస్థ వంటివి వాడుకునే శక్తి ఇందులో నుండి మినహాయింపు కాలేదు. మోవర్ల హార్స్‌పవర్‌ను ఎక్కువ చేసి చూపుతున్నారంటూ అమెరికాలో కొనుగోలుదారులు పలు తయారీ సంస్థలపై వేసిన వ్యాజ్యాలు 2010లో రాజీతో ముగిశాయి. ఆ తరువాత అనేక నమూనాలపై హార్స్‌పవర్‌కు బదులుగా సీసీ లేదా టార్క్ అంకెలను ముద్రించడం పెరిగింది.

వేడి, ఎత్తు కూడా శక్తిని తగ్గిస్తాయి. గాలి పలుచబడిన కొద్దీ సిలిండర్‌లోకి చేరే ప్రాణవాయువు తగ్గడమే దీనికి కారణం. తయారీదారుల కరదీపికలలో సాధారణంగా సూచించే లెక్క ప్రకారం సముద్రమట్టం నుండి ప్రతి 1000 అడుగుల ఎత్తుకు 3.5 శాతం, 25 డిగ్రీల సెల్సియస్‌పైన ప్రతి 5.6 డిగ్రీలకు 1 శాతం చొప్పున శక్తి తగ్గుతుంది.

హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల, అంటే దాదాపు 1770 అడుగుల ఎత్తులో ఉన్నది. ఎత్తు వల్ల తగ్గుదల సుమారు 6.2 శాతం. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు అనుకుంటే వేడి వల్ల తగ్గుదల సుమారు 2.7 శాతం. రెండూ కలిపి 9 శాతం. కనుక 20 హార్స్‌పవర్ అని ముద్రించిన ఇంజిన్ అక్కడ సుమారు 18.2 హార్స్‌పవర్ మాత్రమే ఇవ్వగలదు. ఇందులో నుండి అనుబంధ భాగాల వినియోగాన్ని ఇంకా తీసివేయాలి. తీరప్రాంత జిల్లాలలో ఎత్తు ప్రభావం దాదాపు ఉండదు కాని వేసవి వేడి ప్రభావం ఉంటుంది.

వర్షాకాలపు తడి గడ్డి ఎండు గడ్డి కంటే బరువైనది. డెక్కు కింద ముద్దగా పేరుకొని బ్లేడుపై భారాన్ని పెంచుతుంది. కాబట్టి అవసరానికి సరిగ్గా సరిపోయే శక్తి కంటే 15 నుండి 20 శాతం అదనపు శక్తి గల ఇంజిన్‌ను ఎంచుకోవడం సమంజసం. అంతకు మించిన శక్తి ఇంధన ఖర్చును పెంచుతుందే తప్ప కోత నాణ్యతను పెంచదు. కోత నాణ్యత బ్లేడు పదును, బ్లేడు వేగం, యంత్రం నడక వేగంపై ఆధారపడుతుంది.

పని గంటల లెక్క

ఎంపికకు మూలాధారం సంవత్సరపు పని గంటలే. డెక్కు వెడల్పును నడక వేగంతో, క్షేత్ర సామర్థ్యంతో గుణిస్తే గంటకు కోసే విస్తీర్ణం వస్తుంది. 42 అంగుళాల (1.07 మీటర్ల) డెక్కు, గంటకు 6 కిలోమీటర్ల వేగం, 80 శాతం సామర్థ్యం అనుకుంటే గంటకు సుమారు 5,136 చదరపు మీటర్లు, అంటే 1.27 ఎకరాలు కోయవచ్చు.

మొదటి సందర్భం: అమెరికాలో ఒక ఎకరం పచ్చిక గల గృహస్థుడు. మలుపులు, అంచులతో కలిపి కోతకు ఒక గంట పడుతుంది. సంవత్సరంలో 30 వారాలు కోసినా మొత్తం 30 గంటలే.

రెండవ సందర్భం: తెలంగాణలో పది ఎకరాల పచ్చిక గల విద్యాసంస్థ ప్రాంగణం. ఒక కోతకు సుమారు 8 గంటలు పడుతుంది. జూన్ నుండి అక్టోబరు వరకు 22 వారాలు వారానికొకసారి, మిగిలిన 30 వారాలు నీటి తడులతో పెరిగే గడ్డిని రెండు వారాలకొకసారి కోస్తే మొత్తం 37 కోతలు. అంటే సంవత్సరానికి 296 గంటలు, దాదాపు 300 గంటలు.

రెండు సందర్భాల మధ్య తేడా పది రెట్లు. గృహస్థుడు పది సంవత్సరాలలో చేయించే పనిని ప్రాంగణం ఒక్క సంవత్సరంలో చేయిస్తుంది. ఈ ఒక్క లెక్క వేయకుండా చేసిన కొనుగోళ్లే తరువాతి ఫిర్యాదులలో అధిక భాగానికి కారణం.

మన్నికను అంచనా వేయడానికి ఇంజిన్‌పై ఉండే ఉద్గారాల చీటీ ఉపయోగపడుతుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నిబంధనల ప్రకారం 225 సీసీ లేదా అంతకు మించిన నేల యంత్రాల ఇంజిన్లకు ఉద్గారాల పరిమితి పాటించవలసిన కాలాన్ని 250, 500, 1000 గంటలుగా మూడు తరగతులు చేశారు. చీటీపై ఈ గంటలు గాని, వాటికి సంకేతంగా వరుసగా సి, బి, ఎ అనే అక్షరాలు గాని ఉంటాయి. ఇది ఇంజిన్ ఆయుష్షు కాదు. అన్ని గంటల వరకు ఉద్గారాలు పరిమితిలో ఉంటాయని తయారీదారు నిరూపించిన కాలం మాత్రమే. మంచి నిర్వహణతో ఇంజిన్ ఇంకా ఎక్కువ కాలం పని చేయవచ్చు. అయినప్పటికీ తయారీదారు ఆ ఇంజిన్‌ను ఎటువంటి వినియోగం కోసం ఉద్దేశించాడో ఈ అంకె చెప్పకనే చెబుతుంది. 250 గంటల తరగతి ఇంజిన్ గృహస్థునికి ఎనిమిది సంవత్సరాలకు పైగా సరిపోతుంది. పైన పేర్కొన్న ప్రాంగణంలో ఆ కాలం మొదటి సంవత్సరం పూర్తికాకముందే ముగుస్తుంది. అక్కడ 1000 గంటల తరగతి ఇంజిన్ అవసరం.

ధర పరంగా కూడా ఇదే ఫలితం వస్తుంది. ఉదాహరణ కోసం, లక్ష రూపాయల ఇంజిన్ 600 గంటలు, లక్షా అరవై వేల రూపాయల ఇంజిన్ 1500 గంటలు పని చేస్తాయని ఊహిద్దాం. మొదటిదానికి గంటకు 167 రూపాయలు, రెండవదానికి 107 రూపాయలు పడతాయి. సంవత్సరానికి 300 గంటల పని ఉన్న సంస్థకు రెండవదే చౌక. 30 గంటల పని మాత్రమే ఉన్న గృహస్థునికి మొదటి ఇంజిన్ గంటలు పూర్తి కావడానికే ఇరవై సంవత్సరాలు పడుతుంది. అంతలోపు రబ్బరు భాగాలు, కార్బురేటర్, వైర్లు వయసు వల్లనే పాడవుతాయి. అతడు రెండవదానికి పెట్టే అదనపు సొమ్ము వృథా.

మన్నికను సూచించే నిర్మాణ లక్షణాలు

కొనుగోలు సంఘంలోని శాస్త్రవేత్తలు కింది లక్షణాలను సాంకేతిక వివరణ పత్రంలో సరిచూడాలి.

1. కందెన వ్యవస్థ: చౌక ఇంజిన్లలో తిరిగే భాగమే నూనెను చిలకరిస్తుంది. మెరుగైన వాటిలో పంపు ద్వారా నూనె ఒత్తిడితో బేరింగులకు చేరి, విడి ఫిల్టరులో వడపోతకు గురవుతుంది. ఎక్కువ గంటల పనికి, వాలు నేలలకు రెండవ పద్ధతి తప్పనిసరి.

2. సిలిండర్ లోపలి పొర: అల్యూమినియం సిలిండర్‌లో పోత ఇనుప స్లీవ్ ఉంటే అరుగుదల తక్కువ.

3. సిలిండర్ల సంఖ్య: వీ ఆకారంలో రెండు సిలిండర్లు గల ఇంజిన్‌లో ప్రకంపనలు తక్కువ, శక్తి విడుదల సమంగా ఉంటుంది. ఒక సిలిండర్ ఇంజిన్‌లో భాగాలు తక్కువ, మరమ్మతు సులభం. తక్కువ విస్తీర్ణానికి అది చాలు.

4. గాలి ఫిల్టరు: వేసవిలో ఎర్రనేలల ధూళి, ఎండు గడ్డి పొట్టు ఇంజిన్‌కు ప్రధాన శత్రువులు. ఫిల్టరును దాటిన సన్నని ఇసుక పిస్టన్ రింగులను సానబట్టినట్లు అరగదీస్తుంది. పెద్ద పరిమాణపు డబ్బా ఫిల్టరు గల శ్రేణికి ఇక్కడ ప్రాధాన్యం ఇవ్వాలి.

5. శీతలీకరణ మార్గం: ఇవి గాలితో చల్లబడే ఇంజిన్లు. సిలిండర్ రెక్కల మధ్య గడ్డి పొట్టు పేరుకుంటే గాలి ఆడక సిలిండర్ తల వేడెక్కి, గాస్కెట్ కాలిపోయే ప్రమాదం ఉంది. పై మూతను తేలికగా విప్పి శుభ్రం చేయగల నిర్మాణం మేలు.

ఎథనాల్ మిశ్రమ పెట్రోలు: విస్మరించరాని అంశం

మోవర్ ఇంజిన్ల కరదీపికలలో అధిక భాగం 10 శాతం వరకు ఎథనాల్ గల పెట్రోలునే అనుమతిస్తాయి. అమెరికాలో 15 శాతం ఎథనాల్ మిశ్రమాన్ని కొత్త కార్లకు అనుమతించిన పర్యావరణ సంస్థ, లాన్ మోవర్ల వంటి యంత్రాలను ఆ అనుమతి నుండి మినహాయించింది. భారతదేశంలో 20 శాతం ఎథనాల్ మిశ్రమ పెట్రోలు విక్రయం 2023 ఫిబ్రవరిలో ప్రారంభమై దేశమంతటా విస్తరించింది. అందువల్ల అమెరికా విపణి కోసం రూపొందిన ఇంజిన్‌ను ఇక్కడ కొన్నప్పుడు, పక్కనున్న పెట్రోలు బంకులో దొరికే ఇంధనమే దాని కరదీపికకు విరుద్ధం కావచ్చు.

దీని వల్ల కలిగే ఇబ్బందులు మూడు. మొదటిది, ఎథనాల్‌లోనే ప్రాణవాయువు ఉన్నందున స్థిరమైన జెట్ గల కార్బురేటర్‌లో మిశ్రమం పలుచబడి ఇంజిన్ మరింత వేడెక్కుతుంది. వేసవిలో గాలితో చల్లబడే ఇంజిన్‌కు ఇది అదనపు భారం. రెండవది, ఎథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నిల్వ ఉన్న ట్యాంకులో తేమ ఒక పరిమితి దాటితే నీరు, ఎథనాల్ కలిసి అడుగున వేరుపడతాయి. ఆ ద్రవం కార్బురేటర్‌లో చేరితే తుప్పు, జిగురు ఏర్పడతాయి. మూడవది, ఎథనాల్‌ను తట్టుకొనేలా తయారు కాని రబ్బరు గొట్టాలు, గాస్కెట్లు ఉబ్బి పగులుతాయి.

కనుక టెండరు నిబంధనలలోనే "20 శాతం ఎథనాల్ మిశ్రమానికి అనుకూలమని తయారీదారు లిఖితపూర్వక ధ్రువీకరణ" కోరడం అవసరం. విక్రేత నోటిమాటకు వారంటీ వివాదంలో విలువ ఉండదు. ప్రాణవాయు సెన్సర్ ఆధారంగా ఇంధన పరిమాణాన్ని సరిదిద్దుకొనే ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థ గల ఇంజిన్లు మిశ్రమంలోని తేడాను కొంతవరకు తట్టుకుంటాయి. అయితే వాటి మరమ్మతుకు ప్రత్యేక పరికరాలు, శిక్షణ పొందిన మెకానిక్ అవసరం. ఆ వసతి లేనిచోట సాధారణ కార్బురేటర్ ఇంజినే ఆచరణలో మేలు.

విడిభాగాలు, మరమ్మతు వసతి

నాణ్యతలో రెండవ స్థానంలో ఉన్న ఇంజిన్‌కు విడిభాగం రెండు రోజుల్లో దొరికి, మొదటి స్థానంలో ఉన్నదానికి రెండు నెలలు పడితే, ఆ సంస్థకు రెండవదే మంచి ఇంజిన్. కార్బురేటర్, జ్వలన కాయిల్, సిలిండర్ తల గాస్కెట్, స్టార్టర్ మోటారు, నూనె ఫిల్టరు, గాలి ఫిల్టరు అనే ఆరు భాగాల పార్టు నంబర్లు, ధరలు, సరఫరా వ్యవధిని కొటేషన్‌తో పాటే తీసుకోవాలి. వీటిని చెప్పలేని విక్రేత భవిష్యత్తులో సరఫరా కూడా చేయలేడు.

వారంటీ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. తయారీదారులు గృహ వినియోగానికి ఒక వ్యవధి, వాణిజ్య వినియోగానికి మరొక వ్యవధి నిర్ణయిస్తారు. విద్యాసంస్థ లేదా క్రీడామైదానం గృహ వినియోగం కిందికి రాదు. ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉండే వ్యవధి తరచుగా గృహస్థులకు మాత్రమే వర్తిస్తుంది.

పాడైన ఇంజిన్ స్థానంలో వేరొక బ్రాండు ఇంజిన్ అమర్చాలనుకుంటే షాఫ్ట్ వ్యాసం, పొడవు, కీ గాడి, బోల్టు రంధ్రాల అమరిక, సైలెన్సర్ దిశ, వైర్ల కలపడం సరిపోవాలి. షాఫ్ట్ వ్యాసం ఒక అంగుళం గలవి, ఒకటింబాతిక అంగుళానికి లోబడి ఒకటి, ఎనిమిదవ వంతు అంగుళం గలవి రెండూ వాడుకలో ఉన్నందున పుల్లీ, బ్లేడు క్లచ్ మార్చవలసి రావచ్చు. ఈ ఖర్చును ముందుగా లెక్కించాలి.

డీజిల్, బ్యాటరీ ప్రత్యామ్నాయాలు

సగటున 7.5 కిలోవాట్ల భారంపై నడిచే పెట్రోలు ఇంజిన్ ప్రతి కిలోవాట్ గంటకు 380 గ్రాముల ఇంధనం వాడుతుందనుకుంటే గంటకు సుమారు 3.8 లీటర్లు అవసరం. 270 గ్రాములు వాడే డీజిల్ ఇంజిన్‌కు సుమారు 2.4 లీటర్లు చాలు. సంవత్సరానికి 300 గంటలకు తేడా సుమారు 400 లీటర్లు. డీజిల్ ఇంజిన్ ధర, బరువు రెండూ ఎక్కువ. బరువైన యంత్రం తడి నేలను అణగదొక్కి పచ్చిక వేళ్లకు గాలి అందకుండా చేస్తుంది. ట్రాక్టరు మెకానిక్ స్థానికంగా లభించడం, ఎథనాల్ సమస్య లేకపోవడం డీజిల్‌కు అనుకూలాంశాలు. పదిహేను, ఇరవై ఎకరాలు దాటిన మైదానాలకు దీనిని పరిశీలించవచ్చు.

కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో చేసిన చట్టం మేరకు 2024 నమూనాల నుండి చిన్న ఇంజిన్ల కొత్త విక్రయాలను ఉద్గార రహిత యంత్రాల వైపు మళ్లించింది. దీనితో బ్యాటరీ మోవర్ల అభివృద్ధి వేగవంతమైంది. రెండు, మూడు ఎకరాల ప్రాంగణాలలో శబ్దం తక్కువ కావలసిన ఆసుపత్రులు, గ్రంథాలయాల పరిసరాలకు అవి అనువైనవి.

నిర్వహణ షెడ్యూలు

ఏ బ్రాండు ఇంజిన్ అయినా కింది పనులు తప్పనిసరి. కరదీపికలో వేరుగా ఉంటే దానినే అనుసరించాలి.

• ప్రతిరోజు: నూనె మట్టం చూడాలి. గాలి ప్రవేశించే జాలీపై గడ్డి తొలగించాలి.
• కొత్త ఇంజిన్‌కు మొదటి 5 నుండి 8 గంటల తరువాత: నూనె మార్చాలి. లోహపు రజను ఈ దశలోనే ఎక్కువగా వెలువడుతుంది.
• ప్రతి 25 గంటలకు: గాలి ఫిల్టరు ముందు పొరను శుభ్రపరచాలి. ధూళి కాలంలో ఇంకా ముందుగానే చేయాలి.
• ప్రతి 50 నుండి 100 గంటలకు: నూనె, నూనె ఫిల్టరు మార్చాలి. వెచ్చని ప్రాంతాలకు ఎస్ఏఈ 30 తరగతి నూనె సాధారణంగా అనువైనది.
• ప్రతి 100 గంటలకు: మూత విప్పి సిలిండర్ రెక్కలు శుభ్రపరచాలి.
• నెలకు మించి నిలిపివేసేటప్పుడు: ట్యాంకు, కార్బురేటర్‌లోని పెట్రోలు పూర్తిగా తీసివేయాలి.

గంటల మీటరు లేని మోవర్‌కు దానిని తక్కువ ఖర్చుతో అమర్చవచ్చు. గంటల నమోదు లేనిదే పై షెడ్యూలు కాగితానికే పరిమితమవుతుంది.

వ్యవసాయ యంత్రాలకు అన్వయం

పవర్ వీడర్, బ్రష్ కట్టర్, స్ప్రేయర్ కొనే రైతులు విస్తరణ శాస్త్రవేత్తలను తరచుగా బ్రాండు గురించే అడుగుతారు. హోండా జీఎక్స్ నమూనాను అనుసరించి చైనాలో తయారయ్యే 168ఎఫ్, 170ఎఫ్ తరహా ఇంజిన్లు అనేక పేర్లతో విపణిలో ఉన్నాయి. రెండెకరాల కూరగాయల రైతు సంవత్సరంలో వీడర్‌ను నడిపే గంటలు తక్కువ కనుక, స్థానికంగా విడిభాగాలు దొరికితే అటువంటి ఇంజిన్ కూడా అతనికి సరిపోవచ్చు. ఊరందరికీ అద్దెకిచ్చే యంత్ర కేంద్రానికి అదే ఇంజిన్ సరిపోదు. రైతు అడిగిన ప్రశ్నకు బదులుగా "సంవత్సరానికి ఎన్ని గంటలు నడుపుతారు, దగ్గరలో ఎవరు బాగు చేస్తారు?" అనే రెండు ప్రశ్నలు వేయడం శాస్త్రవేత్త మొదటి కర్తవ్యం.

ముగింపు

ఇంజిన్ ఎంపికలో మొదట సంవత్సరపు పని గంటలు లెక్కించాలి. తదనుగుణంగా 250, 500 లేదా 1000 గంటల తరగతిని నిర్ణయించాలి. స్థానిక ఎత్తు, వేడిని బట్టి శక్తిని సవరించాలి. ఎథనాల్ అనుకూలతకు లిఖితపూర్వక హామీ పొందాలి. విడిభాగాలు, మరమ్మతు వసతిని పరిశీలించాలి. ఈ ఐదు మెట్లు దాటిన తరువాత సాధారణంగా రెండు, మూడు ఇంజిన్లే మిగులుతాయి. వాటి మధ్య బ్రాండు ఏదైనా పెద్ద పొరపాటు జరగదు. ఈ మెట్లు దాటకుండా పేరు చూసి కొన్న ఇంజిన్ ఎంత ప్రసిద్ధమైనదైనా, ఆగస్టు నెలలో గడ్డి మోకాలెత్తు పెరిగినప్పుడు షెడ్డులో నిలిచిపోయే అవకాశం ఉన్నది.